సగం గ్లాసు చాయ్

ఇవాళ కూడా సగమే పోసింది సుజిత. ఐదో సెట్టుకు ముందు దొరికిన ఆ కాస్త తెరిపిలో గిడియోన్ మైదానం అంచున కట్టిన తాడు దాకా వచ్చి చెయ్యి చాపితే, ఫ్లాస్కు వంచి స్టీలు గ్లాసులో సగం దాకా చాయ్ పోసి మూత బిగించేసింది. నిండా పోస్తే తొణుకుతుంది. తొణికితే పక్కవాళ్ళు చూస్తారు. చూశాక, కెప్టెన్ చేతులు వణుకుతున్నాయన్న మాట గ్యాలరీలో ఈ చివరి మెట్టు నుంచి ఆ చివరి మెట్టుకు పాకడానికి ఎంతసేపు కావాలి, చాయ్ చల్లారేంత సేపు కూడా అక్కర్లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మ్యాచ్ ఉన్న రోజు అతనికి సగం గ్లాసే. ఎందుకని అతను అడగలేదు, ఇందుకని ఆమె చెప్పలేదు. రెండు గుక్కల్లో తాగేసి, ఆమె ఒళ్ళో ఉన్న పాప అరికాలిని వేలితో ఒకసారి గీరి, గ్లాసు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. గెలుస్తం అనలేదు. ఫికర్ చెయ్యకు అనలేదు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అని పోతే ఏం పోయింది, నోటికి తాళం వేసి తాళంచెవి బొగ్గుబాయిలో పారేసి వచ్చాడా ఈ మనిషి, అనుకుంటూ ఆమె పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. మెడ కింద కూడా పెట్టి చూసింది. అక్కడా చల్లగానే ఉంది. అయినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

విజిల్ పడింది. ఇటు తమ గోదావరిఖని వాళ్ళు, అటు కొత్తగూడెం వాళ్ళు, ఏటేటా బొగ్గు కంపెనీ పెట్టే ఆటల పోటీల్లో వాలీబాల్ ఫైనల్ అంటే ఇద్దరే. చెరో రెండు సెట్లు గెలిచి కూర్చున్నారు. ఇక ఈ చిన్న సెట్టు, పదిహేను పాయింట్లు, అంతే. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానం కూడా చెయ్యకుండా వచ్చారు, కళ్ళ చుట్టూ బొగ్గు కాటుక అలాగే ఉంది. రెండో షిఫ్టుకు పోవలసినవాళ్ళు పోకుండా నిలబడ్డారు, రేపు అడిగితే కడుపునొప్పి అంటారు కాబోలు. అందరూ అరుస్తున్నారు. అరవని వాళ్ళు ముగ్గురే ఉన్నారు ఈ మైదానంలో, లెక్క పెడితే. ఒకరు తను. ఒకరు తన పక్కన మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మామ స్తెఫను, ముప్పై ఏళ్ళు బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. మూడో ఆయన నెట్ దగ్గర, జట్టుకు కెప్టెన్. మొదటి బంతి లేచింది, మట్టి లేచింది, జైపాల్ లేచాడు, అబ్బ, ఎంత ఎత్తు లేస్తాడు ఈ పిల్లగాడు, కొట్టిన దెబ్బకు బంతి అవతల నేలను తాకి గ్యాలరీలోకి ఎగిరి పడింది. జైపాల్ రొమ్ము చరుచుకుని కొత్తగూడెం వాళ్ళ వైపు తిరిగి కేక పెట్టాడు. ఆ కేకకు ఆమె ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ బంతిని జైపాల్ చేతి ముందు, పళ్ళెంలో పెట్టినట్టు పెట్టినవాడిని ఎవరూ చూడలేదు. ఆమె చూసింది. చూసి కూడా, అతను ఒక్క కేక పెడితే బాగుండు అనుకుంది.

ఆట తెలియని రోజుల్లో అడిగింది, నువ్వు కొట్టవేంది మరి, ఎప్పుడు చూసినా ఇంకొకరికి ఎత్తిస్తవు అని. మూడు తాకుళ్ళ ఆట అని చెప్పాడు అతను. మొదటిది ఎవరి మీదికొస్తే వాళ్ళది, మూడోది కొట్టేటోళ్ళది, నడిమిది నాది. దాన్నే లిఫ్టర్ అంటరు. ఎవరికియ్యాలె, ఎంత ఎత్తియ్యాలె, అవతలోడు ఎటు దుంకుతడు, బంతి గాలిలో ఉన్నప్పుడే చూస్కోవాలె. గెలిస్తే కొట్టినోడు గెలిపించినట్టు, ఓడితే లిఫ్టర్ ఓడగొట్టినట్టు. చివరి మాట అతను అనలేదు, అది ఆమే పోయినేడు తెలుసుకుంది. పోయినేడు ఫైనల్ కొత్తగూడెంలో. పాప అప్పుడు చంటిది, ఇంట్లోనే ఉండి పక్కింటి పూలమ్మ ఫోనులో చూసింది, క్వార్టర్ల లైనులో ఉన్న ఆడవాళ్ళంతా ఆ ఒక్క ఫోను చుట్టూ. చివరి బంతి గిడియోన్ చేతికి వచ్చింది. అందరూ జైపాల్‌కు, జైపాల్‌కు అంటున్నారు. బొమ్మ ఆగిపోయింది. గిడియోన్ రెండు చేతులూ తల మీద, బంతి వేళ్ళ కొసల మీద, అట్లా బిగుసుకుపోయింది ఫోను. మళ్ళీ కదిలేసరికి కొత్తగూడెం వాళ్ళు ఎగురుతున్నారు, రాజం నెట్ కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. జైపాల్‌కు ఇవ్వలేదు. జట్టులో అందరికంటే పెద్దవాడు, కణతల దగ్గర తెల్లబడ్డ రాజానికి ఇచ్చాడు, రాజం నెట్‌కు కొట్టాడు.

ఆ రోజు నుంచి మొదలైంది. భయపడ్డడు. చేతులొచ్చినయ్ గానీ గుండె రాలె. కెప్టెన్ గాదు మెత్తబొగ్గు, చేత పట్టుకుంటే పొడి. కూరగాయల బండి దగ్గర విన్నది, నీళ్ళు పట్టేచోట విన్నది, చర్చి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటుంటే విన్నది. ఈసారి గూడ ఓడితే కెప్టెన్ పదవి జైపాల్‌కే అని స్పోర్ట్సు సార్ అందరి ముందు అన్నాడట. ఎందుకిచ్చినవ్ రాజమన్నకు అని ఆమె కూడా అడిగింది, అన్నం పెడుతూ. రాజమన్న ముందట అడ్డం ఒక్కడే ఉండె, జైపాల్ ముందట ఇద్దరుండిరి, అన్నాడు. అయినా జైపాల్‌కే ఇయ్యాల్సింది, అందామె. ఊ, అన్నాడు. ఆ 'ఊ' అంటే అవుననా, కాదనా, ఇక చాలించమనా, ఏడాదైనా ఆమెకు తెలియలేదు. అది చాలదన్నట్టు, ఆ తరువాత రాజం మైదానానికి రావడం మానేస్తే ఇతను రోజూ సాయంత్రం బంతి పట్టుకుని ఆయన ఇంటికి పోవడం. పోయి ఏం మాట్లాడేవాడో! ఏమీ మాట్లాడలేదని రాజం భార్యే చెప్పింది. గోడకు ఆనుకుని కూర్చుని, చాయ్ తాగి, బంతి అక్కడే మర్చిపోయినట్టు పెట్టి వచ్చేవాడట. ఇంట్లో పసిపిల్లను పెట్టుకుని, ఓడగొట్టినోని గడపకు పోయి కూసుంటవా అని ఆమె గిన్నెలు ఎత్తి పడేసింది. రెండు నెలలకు రాజం ఆ బంతి పట్టుకుని తనే మైదానానికి వచ్చాడు.

"ఏందే సుజితా, మీ ఆయన నోరు ఇంట్లనే పెట్టొచ్చిండా?" పూలమ్మ పల్లీ పొట్టు ఊదుతూ మోచేత్తో పొడిచింది. "కెప్టెన్ అన్నంక ఎట్లుండాలె? గా జైపాల్‌ను జూడు, పొల్లగాని గొంతు గంగానగర్ దాంక ఇనవడ్తది."

సుజితకు జవాబు ఎప్పుడూ అందరూ లేచి ఇంటికి పోయాకే దొరుకుతుంది. స్తెఫను మైదానం మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు, "పూలమ్మా, నేను బాయిల ఉన్నప్పుడు కిందికెళ్ళి గంట కొడుతుంటి. ఒక్క గంట కొడితే బొగ్గు టబ్బులాపాలె. మీద టబ్బులు గుంజే హాలేజీ ఇంజను కాడ ఎవడున్నడో నాకు కనవడడు. వాడు మొత్తుకునేటోడా, మూగోడా, నాకేం పని? గంటకు ఆపిండా లేదా, గంతే."

"నీ కొడుకు గదే పని చేస్తడని వెనకేసుకొస్తున్నవా మామా?"

"ఆపుతడని చెప్తున్న."

ఆపుతాడు. ఆపుతాడా? సుజితకు తెలిసిందల్లా అతను ఆ ఇంజను దగ్గర కూర్చుంటాడని, కింద చీకట్లో తాడుకు కట్టిన టబ్బులు కదులుతుంటాయని, చెవి గంట మీద పెట్టి, చెయ్యి బ్రేకు మీద పెట్టి ఎనిమిది గంటలు గడుపుతాడని. ఆమె ఆ చెయ్యిని ఇంకో చోట చూసింది. పాపకు జ్వరం వచ్చిన ఆ ఆదివారం. ఆరాధన అయి ఇంటికొచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, పాపకు పొద్దుటి నుంచి ఒళ్ళు కాలుతుంది, చాప మీద పడుకోబెట్టింది, ఉన్నట్టుండి పాప కళ్ళు పైకి తేలిపోయాయి, ఒళ్ళు కర్రలా బిగుసుకుంది, చిన్న చిన్న పిడికిళ్ళు కొట్టుకుంటున్నాయి, కొట్టుకుంటున్నాయి. దేవా. ఆమె వాకిట్లోకి ఉరికింది, అరిచింది, మళ్ళీ లోపలికి వచ్చింది. అతను ఏం చేస్తున్నాడు? కూర్చుని ఉన్నాడు. పాపను ఒక పక్కకు తిప్పి, పక్కనున్న పీటను దూరంగా జరిపి, చిన్న భుజం మీద ఒక చెయ్యి వేసి, గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. "మొగోనివేనా నువ్వు? ఉరుకవేంది? ఎత్తుకోని ఉరుకవేంది?" అని ఆమె వీపు మీద గుద్దింది. "తగ్గుతది. తగ్గినంక పోదాం," అన్నాడు. గొంతు పెరగలేదు. బండ, బండరాయి, అనుకుంది. భయానికి బిగుసుకుపోయాడు, పోయినేడు ఫోనులో బొమ్మ బిగుసుకున్నట్టు. ఆ మాట లోపల పడింది, పడి అక్కడే ఉంది, ఇప్పటికీ.

ఏడు, ఏడు. అబ్బా! కొత్తగూడెం వాడు సర్వీసు నెట్‌కు కొట్టాడు, ఎనిమిది మనవి, గ్యాలరీ లేచి కూర్చుంది. ఎనిమిది కాగానే రెండు జట్లూ అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారతారు, చివరి సెట్టులో అట్లా మారాలి. ఇంతసేపూ నెట్‌కు అవతల నిలబడి ముఖం మాత్రమే కనిపించిన గిడియోన్ ఇప్పుడు తాడుకు ఇవతల, దగ్గరగా, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. చెమటకు బనీను వెన్నుకు అంటుకుంది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి పోయింది. వేళ్ళు కదిలాయి. బొటనవేలు ఒక్కటి లేచింది. సుజిత ముందుకు వంగింది. బొటనవేలంటే జైపాల్! ఆమెకు తెలుసు! ఎందుకు తెలియదు, ఇంట్లో పాపను పొట్ట మీద కూర్చోబెట్టుకుని ఆడించేది ఇదే ఆట కదా, బొటనవేలు చూపించి 'జైపాల్ బాబాయ్ వచ్చే', చిటికెనవేలు చూపించి 'రాజం పెదనాన్న వచ్చే', పాప చిటికెనవేలును నోట్లో పెట్టుకుని కిలకిలా నవ్వడం. బంతి లేచింది, జైపాల్ కొట్టాడు. తొమ్మిది! అవతలివాళ్ళకు కనబడకుండా వీపు వెనక అతను మాట్లాడుతున్నాడు. ఈ సెట్టంతా మాట్లాడుతూనే ఉన్నాడు. నోరు లేదన్నారు, ఎన్ని మాటలు ఈ వేళ్ళకు! మైదానంలో ఇంత మంది ఉన్నారు, ఆ మాటలు వినబడుతున్నది జట్టులో ఆ ఐదుగురికీ, తనకూ. పాప కూడా చూసిందేమో, చెయ్యి చాపి "నానా" అంది. సుజితకు ఒళ్ళంతా చక్కిలిగింత పెట్టినట్టయింది, నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా.

ఇంకా చూసింది. చూడకపోతే బాగుండేది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి. ఇంత దూరం నుంచి కనబడుతున్నాయి తనకు, ఇంకెవరికైనా కనబడితే? తాడు పక్కన కొత్తగూడెం నుంచి బస్సులో వచ్చినవాళ్ళు కూడా కూర్చున్నారు. పది, పది. పదకొండు. వాళ్ళు పన్నెండు. జైపాల్ కొట్టింది అవుట్, గీత దగ్గరి రెఫరీ జెండా పైకి లేపాడు, జైపాల్ జెండావాడి మీదికి పోతే గిడియోన్ మధ్యకు వచ్చి జైపాల్ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నడిపించాడు, ఎద్దును దారి తిప్పినట్టు. ఒక్క మాట లేదు. మళ్ళీ అదే చెయ్యి. తన తొమ్మిదో తరగతి గుర్తుకొచ్చింది ఎందుకో. కమాన్‌పూర్ దగ్గర తమ ఊరిని ఓపెన్‌కాస్టు గని కింద తీసుకునే ముందరి ఏడు, చివరి పరీక్షలప్పుడు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సార్ నిలబెట్టి ప్రశ్న అడిగాడు. జవాబు తెలుసు. నోట్లోనే ఉంది. పెదవి దాటి రాలేదు. కూర్చో అన్నాడు, కూర్చుంది, ఆ తరువాత ఊరు పోయింది, బడి దూరమైంది, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయింది, జవాబు ఇప్పటికీ నోట్లోనే ఉంది. అందుకే కోరుకుంది తను, గొంతు ఉన్న మనిషిని. రేషను దుకాణంలో, దవాఖానలో, అత్తింటి వైపు చుట్టాల ముందు, తన బదులు అరిచే మనిషిని. తను వెనక నిలబడితే ముందు నిలబడి గద్దించే మనిషిని. దొరికింది ఈ మూగ మనిషి. ఇద్దరు నోరు లేనివాళ్ళకు ఒక పిల్ల. ఈ పిల్ల తరఫున ఎవరు అరవాలి?

దవాఖానలో, ఆ ఆదివారం, నర్సు గబగబా అడిగింది, ఎంతసేపు కొట్టుకుంది, ఒక చెయ్యా రెండు చేతులా, తగ్గినంక ఏడ్చిందా. సుజిత నోరు తెరిచింది, గాలి వచ్చింది. జవాబు చెప్పింది గిడియోన్. మూడు నిమిషాలు సిస్టర్. రెండు చేతులు. తగ్గినంక ఏడ్చింది, వాళ్ళమ్మ దిక్కు చూసింది. నర్సు రాసుకుని సూది మందు తేవడానికి పోయింది. మూడు నిమిషాలు. గడియారం వైపు చూస్తూ కూర్చున్నది అందుకా? బాయిలో నేర్పిస్తారు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో. తను ఈ సంగతిని ఇన్నాళ్ళూ ఇట్లా తిప్పి చూడలేదు. ఇప్పుడెందుకు తిరిగింది ఇది, పదమూడు పదమూడు దగ్గర, ఊపిరాడని ఈ గోలలో! పాప భుజం మీద ఉన్న ఆ చెయ్యి వణికింది. వణికింది, ఆమె చూసింది, ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది, గాలికి ఊగే రేకులా వణికింది. కానీ తీశాడా? పాప కుదుటపడి ఏడ్చేదాకా, ఒక్క క్షణం ఆ చెయ్యి అక్కణ్ణుంచి తీశాడా?

పధ్నాలుగు! రాజం ఎదురెగిరి రెండు చేతులతో అడ్డుకున్నాడు, బంతి వాళ్ళ కాళ్ళ దగ్గరే పడింది, పధ్నాలుగు పదమూడు, ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి! పూలమ్మ లేచి పల్లీలన్నీ ఒలకబోసింది. మన సర్వీసు వాళ్ళు అందుకుని కొట్టేలోపే రెఫరీ విజిల్, బంతి వేసేటప్పుడు గీత తొక్కాడట మనవాడు. పధ్నాలుగు పధ్నాలుగు. అయ్యో అన్న శబ్దం ఇంత మంది నోళ్ళ నుంచి ఒకేసారి వస్తే గాలి తోసినట్టుంటుంది. తరువాతి బంతి రెండువైపులా ఐదారు సార్లు తిరిగి చివరికి వాళ్ళవాడే బయటికి కొట్టుకున్నాడు. పదిహేను పధ్నాలుగు. గెలవాలంటే రెండు పాయింట్ల తేడా కావాలి. అప్పుడే భూమి లోపల ఏదో దొర్లినట్టు మెట్ల కింద నుంచి ధన్‌మని వచ్చింది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు. ఎవరూ పట్టించుకోలేదు, ఇటు వాళ్ళూ బొగ్గు మనుషులే, అటు వాళ్ళూ బొగ్గు మనుషులే. పాప మాత్రం ఉలిక్కిపడింది. సుజిత చెయ్యి దానంతటదే నుదుటి మీదికి, మెడ కిందికి. చల్లగా ఉంది. చల్లగానే ఉంది. ఏం లేదు బిడ్డా, ఏం లేదు. పదహారోది రావాలి. మన సర్వీసుకు వాళ్ళు కొట్టారు, పడింది. పదిహేను పదిహేను. మళ్ళీ వాళ్ళ బంతి, మళ్ళీ మనది. పదహారు పదిహేను. మళ్ళీ గెలుపు గడప దాకా పోయింది, మళ్ళీ సర్వీసు మనవాడు నెట్‌కు కొట్టాడు. పదహారు పదహారు. మళ్ళీ మనది. పదిహేడు పదహారు, అరె, ఎవడైనా ఆపండి దీన్ని, గుండె ఆగేట్టుంది. ఈసారి మన సర్వీసును వాళ్ళు తీసి కొడితే గీత మీద పడింది. పదిహేడు పదిహేడు. వాళ్ళు ఇంకోసారి వేస్తే మనం అందుకుని కొట్టి పద్దెనిమిది. మళ్ళీ ఒక్కటే.

ఈసారి మన సర్వీసు వాళ్ళు అందుకోలేక తడబడి బంతిని ఊరికే మన వైపు తోసేశారు, ఆకాశమంత ఎత్తు, తీరిగ్గా దిగుతోంది. ఆ దిగే కాసేపట్లో గిడియోన్ చెయ్యి నడుము వెనక్కి పోయింది. చిటికెనవేలు. రాజమా? ఇప్పుడా? పోయినేడు ఇదే బంతి, ఇదే మనిషి, వద్దు, వద్దయ్యా, ఈ ఒక్కసారి లోకం మాట విను, జైపాల్‌కియ్యి. వద్దు అని నోటిదాకా వచ్చింది, అంటే పక్కనున్న కొత్తగూడెం వాళ్ళు వింటారు, చీర కొంగు నోట్లో కుక్కుకుని పళ్ళ కింద నలిపింది. రాజానికే ఇచ్చాడు. రాజం లేచాడు, కొట్టాడు, గట్టిగానే కొట్టాడు, కొత్తగూడెం జట్టులో నేల మీద పడుకుని ఆడే పొట్టివాడు ఒకడున్నాడు, వాడెట్లా అందుకున్నాడో, అరచేతి అంచున తగిలి బంతి లేచింది. మైదానం మైదానమే ఊళ పెట్టింది. మళ్ళీ రాజమేనా, మళ్ళీ గదే పని, థూ! వాళ్ళు తిప్పి కొట్టారు, జైపాల్ పడిపోతూ పిడికిలితో లేపాడు, లేపుతూనే లేచి ఉరుకుతూ, "నాకెయ్ అన్నా! నాకెయ్, నాకెయ్!" బంతి వంకరగా, దూరంగా పోతోంది, గిడియోన్ దాని కిందికి పరిగెత్తాడు, సంకేతాలకు వ్యవధి లేదు, గ్యాలరీ అంతా జైపాల్ జైపాల్ జైపాల్, పూలమ్మ జైపాల్, అవతల ముగ్గురూ జైపాల్ ముందుకే ఉరికారు గోడ కట్టడానికి, రాజం ముఖం, రాజం ముఖం చూసింది సుజిత, నాకొద్దు అన్నట్టుంది ఆ ముఖం, ఇప్పుడే తప్పిపోయింది కదా నాకొద్దు అని. గిడియోన్ రెండు చేతులూ లేచాయి. ఫోనులో బిగుసుకుపోయిన ఆ బొమ్మే. కానీ ఇది ఫోను కాదు, ఇది కదులుతుంది, ఆమె కళ్ళ ముందు కదులుతుంది, బంతి వేళ్ళను తాకింది, వేళ్ళు వణకలేదు, చాప మీద పాపను తిప్పినట్టు, అంత మెత్తగా, వీపు విల్లులా వెనక్కి వంచి, చూడకుండానే, తల మీదుగా, వెనక్కి, రాజానికి. మళ్ళీ రాజానికి. ఇప్పుడే ఓడిన మనిషికి, ఏడాది కింద ఓడిన మనిషికి. రాజం ముందు ఒక్కడు కూడా లేడు.

"కొట్టు రాజమన్నా!"

ఎవరిదో గొంతు. ఎంత గొంతు అది, ఎక్కడిది, మెట్లన్నీ దాటి పోయింది. పాప ఒళ్ళోంచి తలెత్తి తన నోటి వైపు చూస్తుంటే తెలిసింది, తనదే. రాజం నిండా లేచి కొట్టాడు. బంతి నేలను తాకిన చప్పుడు కూడా ఆమెకు వినబడలేదు, మట్టి లేవడం మాత్రం కనబడింది.

ఆ తరువాత అంతా గందరగోళం. తాడు తెగింది, జనం లోపలికి ఉరికారు, జైపాల్ రాజాన్ని భుజం మీదికి ఎత్తుకుని గిర్రున తిప్పుతున్నాడు, రాజం దించురా దించురా అంటూ ఏడుస్తున్నాడు. స్తెఫను నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. "నీ గొంతెక్కడ దాచినవే ఇన్నొద్దులు? నా చెవి మూసుకపోయింది!" అని పూలమ్మ చెవిలో వేలు పెట్టుకుని ఆడిస్తోంది. గిడియోన్ నెట్ కింద నుంచి చెయ్యి పెట్టి, బంతిని లేపిన ఆ పొట్టివాడితో చెయ్యి కలిపి, అప్పుడు ఇటు తిరిగాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నవాడిలా పాప అరికాలిని గీరి, చెయ్యి చాపాడు. వెనకే జైపాల్ వచ్చాడు, గొంతు బొంగురుపోయింది. "వదినా, చెప్తున్న ఇను, రెండోసారి గూడ నాకియ్యకపోయేసరికి అన్నను తందామనుకున్న. ముగ్గురు నా మీదికొచ్చిన్రని అప్పుడు జూసిన. నేను ఉరికిందే దండుగ, నన్ను ఎర జేసిండు!"

సుజిత ఫ్లాస్కు మూత తీసింది. గ్లాసు అతని చేతిలో పెట్టి పోసింది. సగం దగ్గర చెయ్యి ఆగబోయింది, అలవాటు. ఆపలేదు. అంచు దాకా పోసింది. చాయ్ గ్లాసులో తొణికిసలాడింది, అంచు దాటింది, అతని వేళ్ళ మీదుగా కారి మట్టిలో పడింది. గిడియోన్ గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. అందరూ చూశారు.

"అగో, కెప్టెన్ చెయ్యి వణుకుతుందే!" అంది పూలమ్మ.

"వణుకుతది," అంది సుజిత, నలుగురికీ వినబడేట్టు. "ఎప్పటికీ వణుకుతది." అని, ఒలికినంత మేరా మళ్ళీ నిండా పోసింది.